పదిహేడో నంబరు చొక్కా

లీగ్‌లో పన్నెండు ఫుట్‌బాల్ జట్లు. పన్నెండు జట్ల చొక్కాలూ కుట్టి, వాటి మీద పేర్లూ అంకెలూ అతికేది మాత్రం ఒకే దుకాణం. లీగ్ ముద్ర ఉన్న అక్షరాలు ఇంకెవరూ వాడకూడదని రూలు. ఆ దుకాణం నడిపే పెద్దకోడలు మంగళవారం మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని ఒక విలేకరితో ఫోనులో మాట్లాడుతోంది. ఆమె చెయ్యి ఎంత నిదానమో నోరు అంత తొందర.

"నా పేరు రాయకూడదు. ముందే చెబుతున్నా."

"మీ పేరు నాకెందుకండీ అక్కయ్యగారూ! విశ్వసనీయ వర్గాలు అని రాస్తాను."

"ఒక్కదాన్ని వర్గాలు ఎలా అవుతానండీ?"

"మా రాతల్లో ఒక్కరైతే వర్గాలు, ఇద్దరైతే జోరుగా ప్రచారం. చెప్పండి, ఎవరు వెళ్తున్నారు?"

"వెళ్తున్నారని నేను చెప్పలేదు. చొక్కా కుట్టమని వచ్చిందని చెప్పాను."

"అదే, ఎవరి చొక్కా?"

"ఫొటో చొక్కా అండీ. సంతకం అవ్వగానే కొత్త ఆటగాడు వేసుకుని ఫొటో దిగుతాడు చూడండి, అది. అభిమానులకి అమ్మే రకం కాదు. ఒంటి కొలతకి కుట్టాలి."

"ఎక్కడ్నుంచి వచ్చింది?"

"ఇంకెక్కడ్నుంచి? పెద్ద క్లబ్బు నుంచే. లోకంలో డబ్బంతా అక్కడే కుప్ప పోశారు కదా."

"చొక్కా మీద పేరు?"

"మా ఇంటిపేరు."

"అబ్బో! అంటే మన మెరుపు వెళ్ళిపోతున్నాడన్నమాట!"

"ఆ మాట మీరన్నారు. నేననలేదు."

"మీ సొంత మరిది అండీ బాబూ! ఈ ఏడాది పందొమ్మిది గోల్స్. సంతోషంగా లేదూ మీకు?"

"ఎందుకుండదు? సంతోషం పట్టలేకే గడియ పెట్టుకుని మాట్లాడుతున్నా."

"నంబరు తొమ్మిదేనా?"

"పదిహేడు."

"అదేంటి, అతనిది తొమ్మిది కదా?"

"అక్కడ తొమ్మిది ఇంకొకడి దగ్గరుంది. దొరికిన నంబరు తీసుకుని ఉంటాడు. మా మరిదికి నంబరుతో ఏం పని, ధరతో గానీ."

"ఆటగాళ్ళ ధరల పట్టిక రోజూ చూస్తున్నారన్నమాట."

"నాకేం పనిలేదా? ఇవాళ పొద్దున ఎనిమిది కోట్లుంది. నిన్న ఏడున్నర. పక్కన పచ్చ బాణం, పైకి."

"మీ వారిది?"

"ఆ?"

"మీ వారిది ఎంతుందండీ?"

"పదిహేను లక్షలు. ఎర్ర బాణం. ఒకే కడుపున పుట్టారండీ ఇద్దరూ! అన్న విడిచిన బూట్లే తమ్ముడు తొడుక్కుని పెరిగాడు. ఒకరికి ఎనిమిది కోట్లూ, ఇంకొకరికి పదిహేను లక్షలూనా?"

"ముప్పై దాటితే ఆ అంకె దానంతటదే జారుతుందండీ. ఎవరూ కూర్చుని తగ్గించరు."

"మనిషేనా, పాత కుట్టుమిషనా? పదమూడేళ్ళు ఆ గోలు ముందు నిలబడ్డారు. గోడ అని పేరు పెట్టింది మీరేగా?"

"పెట్టింది మేమే. కానీ గోడలు అమ్ముడుపోవు కదండీ."

"అవును. గోడని ఎవరు కొంటారు."

"నొచ్చుకోకండి."

"నొచ్చుకోవడం ఎందుకు, అలవాటే. ఇప్పటికే మా తోడికోడలి కాలు నేలమీద ఆనట్లేదు. ఆటకి వెళ్తే ఆవిడకి అద్దాల గదిలో మెత్తటి కుర్చీ. నాకు ఇనప బల్ల, వానొస్తే గొడుగు. ఇక పెద్ద క్లబ్బుకి కూడా వెళ్తే నేనావిణ్ణి చూడాలంటే చీటీ రాసి పంపాలేమో."

"చొక్కా కుట్టేశారా?"

"కుట్టాను. ఆ ఆఫీసులో కొలతలు రాసిన మహానుభావుడికి కళ్ళున్నాయో లేవో గానీ, ఛాతీ నలభై ఆరట! మా మరిది వెదురుబద్ద. అంత చొక్కా వేస్తే గాలికి ఎగిరిపోతాడు. పక్కల కుట్లు వేసి ముప్పై ఎనిమిదికి తెచ్చాను."

"వాళ్ళకి చెప్పారా?"

"తప్పు దిద్ది పెట్టింది చాలక ఫోను ఖర్చు కూడా నాదేనా?"

"సరే అయితే, రాసేస్తున్నా."

"ఆగండాగండి. రాస్తే ఏమవుతుంది?"

"ఇప్పుడు మీ వారూ మరిదీ ఆడుతున్న క్లబ్బు యజమాని సంగతి తెలుసు కదా, ముక్కుమీద కోపం. ఒప్పందంలో ఉన్న ఆటగాడితో ఇంకో క్లబ్బు చాటుగా మాట్లాడితే లీగ్‌లో తప్పు. ఫిర్యాదు పెడతాడు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి బదిలీల గడువు అయిపోతుంది."

"అయిపోతే?"

"ఆగిపోవచ్చు. ఈ ఏడాదికి ఎక్కడివాడు అక్కడే."

"ఒక్క వార్త కోసం మీకెందుకండీ రాత్రింబవళ్ళు ఇంత కష్టం, పాపం."

"అక్కయ్యగారూ, ఒక్క మాట చెప్పండి. రాయనా, వద్దా?"

"నేను విశ్వసనీయ వర్గాలు కదండీ. వర్గాలు వద్దంటాయా?"

వార్త బుధవారం పొద్దున్నే వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి తోడికోడలు దుకాణానికి వచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉండటం పెద్దకోడలు గుమ్మంలోనే గమనించింది. గమనించి, కుర్చీ తుడిచి మరీ వేసింది.

"కూర్చో చెల్లీ, కూర్చో. అదేంటి, కారేది?"

"నడిచొచ్చానక్కా."

"ఎనిమిది కోట్ల మనిషి పెళ్ళానివి, నడిచొస్తే ఎలాగే?"

"నువ్వు కూడా మొదలెట్టావా?"

"ఊరంతా అంటుంటే నేనొక్కదాన్నే ఊరుకుంటే బాగుంటుందా? మంచినీళ్ళు తాగు. ఏడ్చావా?"

"లేదు. ఎండ."

"ఎండకి ముక్కు కూడా ఎర్రబడుతుందేం?"

"అక్కా, ఆ వార్త అబద్ధం."

"ఏ వార్త?"

"నాటకాలాడకు. ఊరంతా చదివారు. మా ఆయన పెద్ద క్లబ్బుకి వెళ్తున్నారట! అబద్ధం. ఆయన ఎక్కడికీ వెళ్ళట్లేదు. ఇంకో మూడేళ్ళు ఇక్కడే."

"అలాగా."

"నిజమక్కా. నీమీదొట్టు."

"నామీదెందుకే? ఒట్టు తప్పితే పోయేది నేను."

"నమ్మవు కదూ?"

"నిప్పు లేనిదే పొగ వస్తుందా? సరేలే, చెప్పకపోతే మానెయ్. మాకు చెబితే దిష్టి తగులుతుంది."

"ఎప్పుడైనా నీకు చెప్పకుండా ఏదైనా దాచానా?"

"పోయినేడు కొత్త ఇల్లు కొన్నారు. నాకు పాలవాడు చెప్పాడు."

"అది... ఆయనే చెప్పొద్దన్నారు. వదిన బాధపడుతుందేమోనని."

"చూశావా! నాకు బాధ అని మీరిద్దరూ కూర్చుని తేల్చేశారు. నన్నడిగారా?"

"ఇప్పుడది కాదక్కా..."

"మరేది? వార్త అబద్ధమంటున్నావు, మళ్ళీ కళ్ళు తుడుచుకుంటున్నావు. అబద్ధానికి ఎవరైనా ఏడుస్తారా?"

"వార్త అబద్ధమే. దానివల్ల జరిగిన నష్టం మాత్రం నిజం."

"ఎవరికి నష్టం?"

"ఇంటికి."

"ఇల్లంటే మీ ఇల్లా, మా ఇల్లా? వేరుపడి మూడేళ్ళయింది."

"మన ఇల్లే అనుకో."

"అనుకుంటాలే. ఏమైందో చెప్పు."

"యజమాని ఆ వార్త చదివి అగ్గిమీద గుగ్గిలం అయిపోయాడు. పెద్ద క్లబ్బు మీద లీగ్‌లో ఫిర్యాదు పెట్టాడు. నా జట్టులో బంతులు మోసేవాణ్ణి కూడా ఆ క్లబ్బుకి వదలనన్నాడు. ఏ కాగితం మీదా సంతకం పెట్టనని కూర్చున్నాడు."

"వెళ్ళేదే లేనప్పుడు కాగితం ఎక్కడిదే?"

"అది... అంటే..."

"నోరు జారావు కదూ? సరే సరే, నేనేం వినలేదు."

"పొద్దుటి నుంచి లీగ్ ఆఫీసు మెట్ల మీదే కూర్చున్నారక్కా అన్నదమ్ములిద్దరూ. తిండి లేదు, నీళ్ళు లేవు."

"ఇద్దరూనా? మా ఆయన ప్రాక్టీసుకని బయల్దేరారే!"

"తర్వాత... అటు నుంచి అటు వచ్చారు."

"ఎందుకట? తమ్ముడి సంచి మొయ్యడానికా?"

"అక్కా, బావగారిని అలా అనకు."

"నా మొగుడు, నా నోరు."

"లోకంలో నువ్వొక్కదానివే ఆయన్ని అలా అంటావు."

"లోకం అనేదేగా నేనంటున్నది! లోకం పదిహేను లక్షలంటోంది. మొన్న పద్దెనిమిదుండేది. ఈ ఏడాదితో ఒప్పందం సరి. ఆ తర్వాత ఏంటో ఆయనా చెప్పరు, నేనూ అడగను. ఇంతవరకూ పిలిచినవాడు లేడు. రాత్రి పడుకుంటే నాకదే. తెల్లారి లేచి చూస్తే మీది ఇంకో అరకోటి పెరిగి ఉంటుంది."

"ఆ పట్టిక చూడటం మానెయ్యక్కా. ఎవడో ఇంట్లో కూర్చుని వేసే అంకెలవి."

"పెరిగినవాళ్ళు అలాగే అంటారు."

"బావగారు వెనకాల బంతి ఆపకపోతే మా ఆయన ముందు గోలు కొట్టేదెక్కడ? ఆ మాట ఆయనే అంటారు, ఇంట్లో, రోజూ."

"ఇంట్లో అంటే ఏం లాభం? టీవీలో అనమను."

"అన్నారు. ఆ ముక్క కోసేశారు."

"అన్నీ మాకే కోసేస్తారు."

"నీకో సంగతి చెప్పనా? నవ్వకూడదు."

"చెప్పు. ఇవాళ నవ్వొచ్చే సంగతులు తక్కువ."

"నిన్ను చూసి నేనెంత కుళ్ళుకునేదాన్నో తెలుసా?"

"నన్ను చూసా? దేనికే, ఈ జిగురు వాసనకా?"

"ఆట అవ్వగానే బావగారు నేరుగా ఇక్కడికొస్తారు. ఆ స్టూలు మీద కూర్చుని నీకు అక్షరాలు కత్తిరించి ఇస్తారు. నేనెన్నోసార్లు కిటికీలోంచి చూసి లోపలికి రాకుండా వెళ్ళిపోయాను. మా ఆయన్ని నేను టీవీలోనే ఎక్కువ చూస్తాను."

"అయితే మార్చుకుందాం."

"అక్కా!"

"ధరలే తల్లీ, ధరలు! కత్తిరించడం కూడా ఆయనకి చేతకాదు. 'ర'కి తోక పీకేస్తారు. నేనే మళ్ళీ చెయ్యాలి."

"వచ్చే పదిహేడుకి మీ పెళ్ళయ్యి పదిహేనేళ్ళు కదూ?"

"ఏమో. లెక్కపెట్టేవాళ్ళెవరు?"

"బావగారు పెట్టారు."

"ఆయనా? పోయినేడు నేను గుర్తుచేస్తే, 'అవునా, అయితే ఇవాళ సెలవా' అన్నారు."

"ఈసారి ఏదో..."

"ఏదో?"

"ఏం లేదు."

"ఏదో అని ఏం లేదంటావేంటే?"

"నన్నడక్కు. బావగారు ఒట్టు పెట్టించుకున్నారు. రెండేళ్ళ కిందట కెప్టెన్ పదవి చేతిదాకా వచ్చి పోయినప్పుడు నువ్వు నెలరోజులు గడప దాటలేదట కదా. ఈసారి అయ్యేదాకా నీకేమీ చెప్పొద్దన్నారు."

"ఏమయ్యేదాకా? చీరా? గొలుసా? కొననివ్వు, కొననివ్వు. పదిహేను లక్షల్లో ఎంతొస్తే అంత."

"నీకెలా చెప్పనక్కా..."

"మళ్ళీ ఏడుపెందుకే?"

"అక్కా, ఒక్కటడుగుతాను. కోప్పడకు."

"అడుగు."

"నీ దుకాణం నుంచి ఎవరికైనా తెలిసే వీలుందా?"

"ఏం తెలిసే వీలు?"

"నీ దగ్గరికి చొక్కాలొస్తాయి కదా. ఎవరైనా చూసి..."

"నా నోట్లో నువ్వుగింజ నానదంటావు."

"అలా అనలేదు."

"లీగ్ కాగితం మీద సంతకం పెట్టి మరీ తీసుకున్నానే ఈ పని! ఎవరి చొక్కా ఎవరికీ చెప్పనని. పదకొండేళ్ళయింది. నన్నడుగుతున్నావా?"

"తప్పయిపోయింది. ఎవర్ని అనుమానించాలో తెలియక..."

"ఆ యజమాని గుమాస్తాని అడగండి. క్లబ్బు డాక్టరుని అడగండి. గోడలకి చెవులుంటాయి."

"సరే. నేను మళ్ళీ ఆ మెట్ల దగ్గరికే వెళ్తాను. అక్కా..."

"ఊఁ."

"నీకు చెప్పేస్తే మంచిదేమో."

"ఏం చెప్పేస్తే?"

"వద్దులే. ఐదింటిదాకా ఇంకా ఆశ ఉంది కదా. అయ్యాక బావగారే చెబుతారు. ఆ ముచ్చట నేనెందుకు పాడుచెయ్యాలి?"

"వెళ్ళిరా. ఎండగా ఉంది, కారు పిలిపించుకో."

నాలుగూ ఇరవైకి ఫోను మోగింది. పెద్దకోడలు నాలుగుసార్లు మోగనిచ్చి ఐదోసారి తీసింది.

"అక్కయ్యగారూ, ఒక్క రెండు ముక్కలు కాగితం మీద రాసివ్వాలి మీరు."

"ఎవరండీ?"

"నేనండీ, విలేకరిని. టైము లేదు. యజమాని కొంచెం మెత్తబడ్డాడు. పెద్ద క్లబ్బువాళ్ళు మెరుపుతో ఒక్క మాట కూడా మాట్లాడలేదని ఒట్లు పెడుతున్నారు. మరి వార్త ఎక్కడ పుట్టిందో తేలితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. తీసుకుంటే ఆగిన కాగితాలన్నీ కదులుతాయి."

"కదిలితే?"

"సంతకాలైపోతాయి. ఐదులోపు. 'చొక్కా చూసి నేనే ఊహించుకుని చెప్పాను' అని మీరు రాసిస్తే చాలు. నేను బండిమీద వచ్చి తీసుకెళ్తాను. పది నిమిషాలు."

"నా లీగ్ ముద్ర ఊడుతుంది."

"ఊడదండీ. లీగ్ అధ్యక్షుడిని అడిగాను, పేరు చెప్పకుండా. మొదటి తప్పుకి హెచ్చరికేనట. మహా అయితే ఓ మూడు నెలల సంపాదన జరిమానా వేస్తారేమో."

"మీరు రాయకపోతే ఇదంతా ఉండేది కాదు."

"మీరు చెప్పకపోతే నేను రాసేవాణ్ణి కాదు. ఇప్పుడు వాదించుకునే టైమా ఇది? అక్కడ మెట్ల మీద కూర్చుని ఉన్నారు మీవాళ్ళు. నేను చూసొచ్చాను. మీ వారైతే తల ఎత్తట్లేదు."

"తమ్ముడంటే ఆయనకి ప్రాణం."

"అందుకోసమైనా రాయండి."

"నాకర్థం కాక అడుగుతాను. ఒక ఏడాది ఆగితే ఏం మునిగిపోతుందండీ మా మరిదికి? పాతికేళ్ళు కూడా లేవు. వచ్చే ఏడు ఎనిమిది పదవుతుంది, పది పన్నెండవుతుంది. ఆగలేరా? మేము పదమూడేళ్ళు ఆగాం. ఒక్కరు పిలవలేదు. మా ఆయన కోసం ఎవరైనా మెట్ల మీద కూర్చున్నారా? ఎవరైనా రెండు ముక్కలు రాసిచ్చారా?"

"అది వేరు, ఇది వేరు."

"నాకు రెండూ ఒకటే. కడుపు మండేదీ ఒకటే కడుపు."

"అక్కయ్యగారూ, పొరపాటు మనిద్దరిదీ. దిద్దుకునే వీలుంది. నాలుగున్నర కావస్తోంది."

"హలో?"

"వినపడుతోందా? వచ్చేయనా?"

"హలో... హలో... మాట తెగుతోందండీ."

"నాకు బాగానే వినపడుతోంది! అక్కయ్యగారూ!"

"హలో... ఏమీ వినపడట్లేదు. మిషను చప్పుడు. ఉంటానండీ."

ఆరింటికి పెద్దకోడలి భర్త వచ్చాడు. ఆటలేని రోజు కూడా అలవాటుగా దుకాణానికే వచ్చి, తన స్టూలు మీద కూర్చున్నాడు.

"కాఫీ తాగుతారా?"

"వద్దు."

"పొద్దుటి నుంచి ఏమీ తినలేదట కదా."

"ఎవరు చెప్పారు?"

"చెల్లి వచ్చింది. ఏమైంది మరి?"

"అయిపోయింది. ఐదు కొట్టగానే తలుపులేశారు. గడియారం చూసి మరీ వేశారు."

"యజమాని సంతకం పెట్టలేదా?"

"పెన్ను మూత తీశాడు. వార్త చెప్పినవాళ్ళెవరో రాసిస్తారని విలేకరి అన్నాడట. నాలుగూ యాభై ఐదుదాకా చూశాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ మూత పెట్టేశాడు."

"పోనీలెండి."

"ఊఁ."

"మరిది ఎలా ఉన్నాడు?"

"వాడు ఏడ్చాడు. నేనే ఊరుకోబెట్టాను."

"అయ్యో. వయసుంది కదండీ, వచ్చే ఏడు ఇంతకు రెండింతలు పలుకుతాడు."

"అవును. వాడికి వయసుంది."

"మీరెందుకండీ అంత దిగులుపడటం? ముఖం చూడండి, ఎంత వాడిపోయిందో."

"పొద్దుటి నుంచి కూర్చుని ఉన్నాను కదా, అందుకే. పెద్ద క్లబ్బువాళ్ళని తప్పుపట్టడానికి లేదు. చివరిదాకా చూశారు. నాలుగూ యాభైకి కూడా ఫోను చేశారు. రెండేళ్ళ ఒప్పందం, అయ్యాక అక్కడే కుర్రాళ్ళకి ఆట నేర్పే ఉద్యోగం. అంతా రాసి పెట్టుకున్నారు."

"మరిదికి నేర్పే ఉద్యోగమా? ఆ వయసుకా?"

"ఆ చొక్కా ఇంకా నీ దగ్గరే ఉందా?"

"ఏ చొక్కా?"

"పదిహేడో నంబరుది."

"అది మీకెలా తెలుసు? నేనెవరికీ చెప్పలేదు. మీక్కూడా చెప్పలేదు."

"ఉందా, లేదా?"

"ఉంది. కవర్లో పెట్టాను. ఇక వెనక్కి పంపెయ్యాలి."

"పంపుదువుగాని. ఒక్కసారి ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"వేసుకుని చూసి ఇచ్చేస్తాను."

"మీకెందుకండీ అది? తమ్ముడి చొక్కా మీరు వేసుకుంటే మనసు ఇంకా పాడవుతుంది."

"ఒక్క నిమిషం. అద్దంలో చూసుకుని తీసేస్తాను."

"చిన్నపిల్లాడిలా ఏంటండీ... ఇదిగో. జాగ్రత్త, అంకెలు కొత్తవి."

"బాగా అతికావు. పదిహేడు భలే ఉంది."

"నెమ్మది! మీకు పట్టదండీ. చెయ్యి దూరట్లేదు కదా? లాగకండి, భుజం దగ్గర చిరుగుతుంది. వదిలెయ్యండి, అది మీ కొలత కాదు."

"ఛాతీ నలభై ఆరని నా చేత్తో నేనే రాసిచ్చాను వాళ్ళకి. నీ మొగుడి కొలతే నీకు తప్పుగా కనిపించిందటే?"